ఊరుమ్మడి బావ

రామన్నపేటలో దశరథ అందరికీ బావ. ఉయ్యాలలో పడుకుని కాళ్ళు తన్నుకునే రోజుల్లోనే, వీధిన పోయే ఆడపిల్లలు తొంగిచూసి "ఏం బావా, పాలు తాగినవా?" అని బుగ్గ గిల్లిపోయేవాళ్ళట. ఇందులో దశరథ చేసుకున్న పుణ్యం గాని పాపం గాని ఏమీ లేదు. చేసిందంతా వాళ్ళ తాత గోపయ్య.

గోపయ్య జడ్చర్ల పక్క పల్లెవాడు. నర్సింగమ్మను చేసుకుని ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికం వచ్చినవాడు ఒక్క ఇంటికే అల్లుడని మీరనుకుంటే పొరపాటు, ఊరు ఊరంతటికీ అల్లుడే. ఈ ఒక్క విషయంలో కులమూ మతమూ పక్కకు తప్పుకుంటాయి. సాలెవాడలో వాళ్ళూ బావా అన్నారు, మసీదు వెనక సందులో వాళ్ళూ బావా అన్నారు. గోపయ్య ఎడ్లబండి కట్టుకుని, అడవిలో పులి అడ్డమొస్తే చర్నాకోలతో అదిలించి, జడ్చర్ల నుంచి ఒక్కడే బండి తోలుకుంటూ వచ్చాడని ఊళ్ళో ఒక కథ ఉంది. చెప్పినప్పుడల్లా ఒక పులి పెరుగుతూ వచ్చి, దశరథ డిగ్రీలో చేరేనాటికి అది పులుల మంద అయింది. ఈ కథ ఎవరు ఎత్తుకున్నా నర్సింగమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. పోయిన మనిషి గుర్తొచ్చి దుఃఖం ఆగడం లేదని అందరూ అనుకునేవాళ్ళు.

గోపయ్య పోయాక ఆయన కొడుకు కృష్ణయ్యకు రెండెకరాల చెలకతో పాటు ఈ బావరికం కూడా వచ్చింది. కృష్ణయ్య నుంచి దశరథకు దిగింది. ఏ పెళ్ళికి వెళ్ళినా దశరథకు మొదటి బంతిలో మొదటి విస్తరి. కాకపోతే ఆ విస్తరి ముందు పరిచిన చాప కింద అప్పడాలుంటాయి. కూర్చోగానే ఫటఫటమంటాయి, పందిరంతా గొల్లుమంటుంది. తిని లేచేసరికి చెప్పులుండవు. మీసాలొచ్చినా ఈ వరస మారలేదు. అతను నోరు తెరిస్తే చాలు, ఏదో పరాచికమే అనుకుని జనం ముందుగానే నవ్వి పెట్టుకునేవాళ్ళు. జీవితంలో ఒక్కసారైనా తన మాట ఎవరైనా నవ్వకుండా వింటే బాగుండునని దశరథకు లోలోపల గట్టి కోరిక.

ఆ అవకాశం 1989లో కాలేజీ వల్ల వచ్చింది.

కాలేజీ ఊరికి నాలుగు మైళ్ళ అవతల, గుట్ట మలుపు దాటాక ఉంది. అక్కడెందుకు కట్టారో కట్టినవాళ్ళకు తెలియాలి, లేదా ఆ గుట్టకు తెలియాలి. సాయంత్రం నాలుగింటికి బస్సు. సైన్సు వాళ్ళకు ల్యాబు వదిలేది ఐదు దాటాక. ఆ తర్వాత బస్సు లేదు. దారి పొడవునా తుమ్మచెట్లు, బండరాళ్ళు, నడుమ తాటివనం పక్కన ఒక కల్లు కాంపౌండు. పొద్దు వాలేసరికి ఆ కాంపౌండు రోడ్డు మీదికి పొర్లుతుంది.

సాలెవాడ ఎల్లేశం కూతురు మంజులత బీఎస్సీ చివరి ఏడు. ఒకనాడు ల్యాబు అయ్యాక నడిచి వస్తుంటే కాంపౌండు దగ్గర తాగిన మనుషులు ఇద్దరు ముగ్గురు రోడ్డుకు అడ్డంగా నిలబడి దారివ్వలేదు. ఆమె వాళ్ళతో ఒక్క మాట మాట్లాడకుండా తుమ్మల్లో పడి, చేలకు అడ్డంగా ఊరు చేరింది. ఇంట్లో ఏమీ చెప్పలేదు గాని అరికాళ్ళ నిండా దిగిన ముళ్ళు చెప్పేశాయి. ఎల్లేశం మగ్గం దిగివచ్చి, కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసుతో ముళ్ళన్నీ తీశాడు. తీయడం అయ్యాక అన్నాడు:

"ఇంకొక్కసారి గా తొవ్వల నడిచొచ్చినవంటె సదువు బంద్. వచ్చి మగ్గం గుంటల కూసో. మాటంటె మాటే బిడ్డా."

ల్యాబు మానేస్తే ప్రాక్టికల్స్ పోతాయి, ప్రాక్టికల్స్ పోతే డిగ్రీ పోతుంది, ల్యాబు ఉండి నడిచొస్తే చదువే పోతుంది. ల్యాబు వేళ మార్చమని మంజులత లెక్చరర్‌ని అడిగింది. టైంటేబుల్ పైనుంచి వస్తుందని ఆయన పైకి చూశాడు. ఆమె కూడా పైకి చూసింది. పైన ఫ్యాను ఉంది.

ఇది విని దశరథ ఊరుకోలేదు. అతని దగ్గర కృష్ణయ్య కొత్తగా కొన్న మోపెడ్ ఉంది, ఊరంతా దాన్ని ఫట్‌ఫటి అంటారు. స్నేహితుడు యాకూబ్‌కు వాళ్ళ నాయన మెహమూద్ కిరాయి సైకిళ్ళ దుకాణం ఉంది. ఇంకో స్నేహితుడు పరమేశ్వర్‌కు సొంత సైకిలుంది. ముగ్గురూ కలిసి 'క్షేమ సవారి సంఘం' పెట్టారు. ల్యాబు అయ్యాక ఆడపిల్లల్ని బండి వెనక ఎక్కించుకుని ఇంటి గడప దగ్గర దించడం, పైసా తీసుకోకపోవడం, ఇదీ సంఘం పని. ప్రిన్సిపాల్ సరేనన్నాడు. గేటు పక్కన బోర్డు కూడా రాశారు. దశరథ నేరుగా ఎల్లేశం ఇంటికి వెళ్ళాడు.

"నీ బిడ్డ ఇగ నడువది మామా. నాది పూచీ."

ఎల్లేశం అలవాటు కొద్దీ ముందు నవ్వాడు. తర్వాత కుర్రవాడి మొహం చూసి నవ్వు ఆపాడు. "నిజంగనే అంటున్నవా అల్లుడా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు దశరథ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మొదటి రోజే అసలు సంగతి బయటపడింది. ఎల్లేశమూ, నలుగురైదుగురు తల్లులూ కాలేజీ గేటు దగ్గరికి వచ్చి బోర్డు చదివించుకున్నారు. ఎల్లేశం అడిగాడు: "బండెనుక కూసుంటది, మంచిదే. ఎవని ఎనుక కూసుంటది? వాడు దానికేమైతడు?"

"వాలంటీర్ అయితడు మామా," అన్నాడు దశరథ.

"గది వరుస గాదు."

తల్లులందరూ అవునన్నట్టు తలలాడించారు. అన్న వరుసవాడైతే ఎక్కొచ్చు. చిన్నాయన వరుసైతే ఇంకా మంచిది. తాత వరుసకు తిరుగేలేదు. బావ వరుసవాడి వెనక మాత్రం ఆడపిల్ల కూర్చోకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, అందుకే ఎవరూ కాదనలేకపోయారు. మరి ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేదెవరు? ఊళ్ళో ఇంటింటి వరుసలూ నాలుక చివర ఉన్న మనిషి ఒక్కతే ఉంది. దశరథ వాళ్ళ అవ్వ, నర్సింగమ్మ.

రోజూ సాయంత్రం నర్సింగమ్మ కాలేజీ గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుని తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది. "యాకూబ్ నాయిన మెహమూదు, ఎల్లేశం చిన్నప్పుడు ఒక్క బాయిల ఈత నేర్చిండ్రు. అన్నా తమ్మీ అనుకుంటరు. గట్ల యాకూబ్ మంజులతకు అన్నైతడు. ఎక్కు బిడ్డా." పరమేశ్వర్ ఊళ్ళో పెద్ద వంశంలో పైతరం వాళ్ళకు పుట్టిన చిట్టచివరి కాన్పు. లెక్క తీస్తే, మీసం సరిగా రాని పరమేశ్వర్ మంజులతతో సహా సగంమంది ఆడపిల్లలకు తాత అయ్యాడు. ఆ మాట విన్న మర్నాటి నుంచి అతని నడకే మారిపోయింది. సైకిలెక్కే ముందు నడుము పట్టుకునేవాడు, చిన్నగా దగ్గేవాడు, దారి పొడవునా పిల్లలకు బుద్ధులు చెప్పేవాడు. "మా కాలంల గిట్లుండకపోతుండె," అన్నాడొకసారి. అతని కాలం మొన్ననే మొదలైంది.

ఇక దశరథ. అవ్వ వేళ్ళు మడవకుండానే చెప్పింది: "గీడు అందరికి బావ. గీని బండి ఎవలు ఎక్కొద్దు."

చెప్పొద్దూ, ఆ ముగ్గురిలో బండి నడపడం చక్కగా వచ్చింది దశరథకే. మోపెడ్ ఉంది, పెట్రోలుంది, చేతి నైపుణ్యం ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. ఇక యాకూబ్ సంగతి చెబితే నమ్మరు. సైకిళ్ళ దుకాణంలో పుట్టి పెరిగాడు గాని, పంక్చరు వేయడమే తప్ప తొక్కడం వాడికి అబ్బలేదు. ఎదురుగా మేక కనిపిస్తే మేక వైపే తిప్పేవాడు. వారానికి ఒకరినైనా కాలువలో పడేయకుండా ఉండేవాడు కాదు. మంజులతను గుట్ట మలుపు దగ్గర ఒకసారి, వంతెన మీద ఒకసారి పడేశాడు. ఆమె మోచేతులు గీసుకుపోయి ఇంటికొస్తే తల్లి పసుపు అద్దుతూ, "అన్నతోనే గద పడ్డది, ఏం గాదు," అని సంతోషపడేది. ఎల్లేశం కూడా గాయాలను పరీక్షగా చూసి, "క్షేమంగ వచ్చింది," అనేవాడు.

దశరథ మోపెడ్ ఎక్కే అర్హత లోకంలో ఒక్క మనిషికే ఉంది. తనకు అడ్డం పడుతున్న అవ్వకే. రోజూ ఆమెను ఎక్కించుకుని గేటు దగ్గర దించేవాడు, ఆమె తనను కాదనేంతవరకు నిలబడేవాడు, మళ్ళీ ఆమెనే ఎక్కించుకుని ఇంటికి వచ్చేవాడు. ముందు సైకిలు మీద యాకూబ్ మంజులతను తీసుకుని పాములా మెలికలు తిరుగుతూ పోతుంటే, వెనక దశరథ ఎప్పుడు పడితే అప్పుడు లేపడానికి నిదానంగా వెళ్ళేవాడు. మంజులత ఒకసారి వెనక్కి తిరిగి అతన్ని చూసి నవ్వింది. పందిట్లో నవ్వే నవ్వు కాదది, పాపం అనే నవ్వు. అది ఇంకా నొప్పించింది.

"గిదేం న్యాయమే అవ్వా?" అన్నాడతను ఒకరోజు తట్టుకోలేక. "పిల్లనియ్యుండ్రి అంటె కులం అడ్డమంటరు. బండెక్కించుకుంటనంటె వరుస అడ్డమంటరు. నేను ఎటు గాకుంట పోయిన గద!"

"గట్లనే ఉంటది బావ బతుకు."

"మంజులత రాఖీ కడ్తనంటున్నది. కట్టిందనుకో, అన్న అయిత. పీడ పోతది."

నర్సింగమ్మ మనవణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వు గీ ఊరి ఆడివిల్లలకు అన్నవైతె మీ నాయిన గీ ఊళ్ళె అందరికి తమ్ముడైతడు. మీ నాయిన తమ్ముడైతె మీ తాత గీ ఊరి కొడుకైతడు. నేను గీ ఊరి బిడ్డను. ఇగ చెప్పు, నా మొగడు నాకేమైతడురా?"

ఒక్క రాఖీతో చచ్చి స్వర్గాన ఉన్న తాత కాపురం కూలిపోయేటట్టుంది. ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తలేదు.

చివరికి ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పరీక్ష పెట్టే పెద్దమనిషి ఎక్కడి నుంచో రావాలి, బస్సు చెడిపోయి ఆలస్యంగా వచ్చాడు. ఒక్కొక్కరినే పిలిచి ప్రయోగం చేయిస్తూ, మంజులత వంతు వచ్చేసరికి పొద్దు గుట్ట మీదికి దిగింది. మిగతా పిల్లల్ని వాళ్ళ వాళ్ళ ఇంటివాళ్ళు ముందే తీసుకుపోయారు. యాకూబ్ మొన్ననే ఒక గేదెను గుద్ది మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, గేదె బాగానే ఉంది. పరమేశ్వర్ భువనగిరిలో ఎవరిదో పెళ్ళికి పెద్దమనిషిగా వెళ్ళాడు. మంజులత పరీక్ష బాగా చేశాననే వెలుగు మొహంతో గేటు బయటికి వచ్చేసరికి అక్కడ ఇద్దరే ఉన్నారు. పీట మీద నర్సింగమ్మ, మోపెడ్ పక్కన బావ.

మర్నాడు పొద్దున నోటి పరీక్ష ఉంది. ఈ సాయంత్రం నడిస్తే రేపు అది లేదు. ఇది ముగ్గురికీ తెలుసు. దశరథకు ఎల్లేశం గడపలో తానన్న మాట చెవుల్లో మోగుతోంది: నీ బిడ్డ ఇగ నడువది, నాది పూచీ.

"అవ్వా, గియ్యాల్ల ఒక్కదినం," అన్నాడు. "దీని సదువు పోతది."

నర్సింగమ్మకూ మనసు లేకపోలేదు. పీట మీంచి లేచి ఒక తీర్పు చెప్పింది: "నడుమల నేను కూసుంట."

అట్లా ముగ్గురూ మోపెడ్ ఎక్కారు. ముందు దశరథ, నడుమ గోడలా నర్సింగమ్మ, ఆమె చంకలో పీట, వెనక కొసకు అంటుకుని మంజులత. బండి ఏడ్చుకుంటూ కదిలింది. గుట్ట మలుపు దగ్గర ఎత్తు మొదలైంది. బండి ఏడుపు మూలుగయింది, మూలుగు దగ్గయింది, ఆ తర్వాత పరమేశ్వర్ తాతలాగే ఆగి నిలబడిపోయింది. దశరథ పెడళ్ళు తొక్కాడు. అంగుళం కూడా కదల్లేదు.

"ఒకలు దిగాలె," అన్నాడు.

మంజులత దిగబోయింది. "నువ్వు దిగొద్దు!" అని దశరథ అరిచాడు. "నువ్వు నడిస్తె ఇగ అంతే. అవ్వా, నువ్వు జర దిగు. ఎత్తు ఎక్కినంక ఎక్కుదువు."

"నేను దిగితె మీ ఇద్దరి నడుమ ఏముంటది? గాలి. గాలికి వరుసలుంటయారా?"

"పీట పెట్టు."

"పీటకు వరుసలుంటయా?"

గుట్ట మీద పొద్దు ఇంకో జానెడు దిగింది. ముగ్గురూ రోడ్డు మధ్య నిలబడిపోయిన బండి మీద, దిగకుండా, కదలకుండా, శిలావిగ్రహాల్లా కూర్చున్నారు. ఒక గొర్రెలకాపరి వాళ్ళను చూసి, తన గొర్రెల్ని పక్కనుంచి మళ్ళించుకుపోయాడు.

"మరి నువ్వే దిగరాదు?" అంది మంజులత వెనకనుంచి, మెల్లగా.

"నేను దిగితె బండి ఎవలు నడుపుతరు?"

"నేను. మెహమూద్ పెద్దనాయిన దుకాణంల సైకిల్ కిరాయికి తీసుకొని నేర్చుకున్న. యాకూబన్నకు పడకుంట ఎట్ల తొక్కాల్నో నేనే చెప్తుంట. గిది గూడ తొక్కుడే గద."

ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ తట్టలేదు. సంఘం పెట్టిన దశరథకు తట్టలేదు, అనుమతిచ్చిన ప్రిన్సిపాల్‌కు తట్టలేదు, గాయాలు లెక్కచూసుకున్న ఎల్లేశానికి తట్టలేదు. నర్సింగమ్మ మాత్రం వెంటనే వేళ్ళు మడిచింది. "నువ్వు నాకు మనుమరాలివి. మనుమరాలు అవ్వను ఎక్కించుకపోతె వరుస మంచిదే. దిగురా."

దశరథ దిగాడు. మంజులత వెనక కొస నుంచి దిగి, ముందు సీటెక్కి హ్యాండిలు పట్టుకుంది. అతను పక్కన పరుగెడుతూ, "గిది రేసు, గిది బిరికి, బిరికి పట్టినప్పుడు రేసు ఇయ్యకు," అని చెబుతున్నాడు. సగం మాటలు అతని నోట్లోనే ఉండగా బండి ఎత్తు దాటి, దిగుడులో పడి, మలుపు తిరిగి మాయమైపోయింది. నర్సింగమ్మ కేక ఒకటి మాత్రం గాలిలో మిగిలింది. అది భయంతో వేసిన కేకలా లేదు.

మాట నిలబడింది. దశరథకు గుండె నిండింది. నిండిన గుండెతో ఓ నాలుగు అడుగులు వేశాక, చుట్టూ చూశాడు. రోడ్డు ఖాళీ. తుమ్మచెట్లు నల్లబడుతున్నాయి. తాను నడుస్తున్నాడు.

రోజూ బండి మీద దాటిపోయిన దారే. అయినా ఇది ఆ దారి కాదు. ఇక్కడ ప్రతి పొదకూ ఒక చప్పుడుంది. కల్లు కాంపౌండు దగ్గరపడేకొద్దీ నవ్వులు, కేకలు వినపడుతున్నాయి. రోడ్డు మీదే మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు చెయ్యెత్తి ఇటే చూపించాడు. దశరథ కాళ్ళు వాటంతటవే చేల వైపు తిరిగాయి. ముళ్ళు దిగినా పర్వాలేదనిపించింది. ఒకనాటి సాయంత్రం ఒక పిల్లకు ఎట్లా ఉండి ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తెలుసనే అనుకున్నాడు. సిగ్గేసింది.

"అరే, బావరా! మన బావ!"

పారిపోయే వీలు లేకపోయింది. పదిమంది చుట్టుముట్టారు. "బావ నడుస్తుండు!" అన్నాడొకడు నమ్మలేక. "గోపయ్య మనుమడు, ఊరల్లుడు, చెప్పులరిగేటట్టు రోడ్డు మీద నడుస్తుండు!" ఇంకొకడికి ఏడుపే వచ్చింది. "మనం బతికుండి ఏం లాభం? ఊరి ఇజ్జత్ పోయింది!" దశరథ ఫర్వాలేదన్నాడు, దగ్గరే అన్నాడు, నడవడం తనకు ఇష్టమన్నాడు. అతను మాట్లాడిన ప్రతిసారీ వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆఖరికి కాంపౌండులోంచి ఒక నులకమంచం తెచ్చి, అతన్ని బలవంతంగా దాని మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు కోళ్ళు భుజాల మీదికి ఎత్తుకున్నారు.

అల్లుణ్ణి మోస్తున్నామని వాళ్ళ ఉద్దేశం. చూసేవాళ్ళకు మాత్రం వేరే విధంగా కనిపిస్తుంది. పైగా నలుగురిలో ఒకడు భువనగిరి వైపు నడుస్తున్నాడు, ఒకడు ఊరి వైపు, మిగతా ఇద్దరు ఉన్నచోటే నడుస్తున్నారు. మంచం రోడ్డు మధ్య గిరగిరా తిరగసాగింది. ఒకడు ముందు నడుస్తూ, ఎందుకో తెలియకుండానే, దారి పొడవునా బొంగు పేలాలు చల్లడం మొదలుపెట్టాడు. దశరథ ఆకాశంలోకి చూస్తూ, మంచం పట్టెలు గట్టిగా పట్టుకుని, తన పదమూడో రోజు భోజనంలో కూడా చాప కింద అప్పడాలు పెడతారేమోనని అనుకున్నాడు.

ఊళ్ళో ఈలోగా సాలెవాడంతా బయటికొచ్చింది. మంజులత మోపెడ్‌ను ఇంటి గడప దగ్గర ఆపింది. ఎల్లేశం కూతుర్ని చూశాడు, వెనకున్న నర్సింగమ్మను చూశాడు. కాళ్ళకు ముల్లు లేదు, మోచేతికి గీత లేదు. "గిట్ల దెబ్బ లేకుంట ఎన్నడన్న వచ్చినవా!" అని ఆశ్చర్యపోయాడు.

"దాని ముచ్చట తర్వాత," అంది నర్సింగమ్మ. జుట్టంతా గాలికి లేచిపోయి ఉంది. "నీ బిడ్డ నడువద్దని నీ అల్లుడు నడుస్తుండు. గుట్ట కాడ ఒక్కడే ఉన్నడు."

ఊరల్లుడు పొద్దుగూకే వేళ రోడ్డున నడిచి రావడం మూడు తరాల్లో లేదు. తానే పోదామంటే బండి నడపడం రాదు. తాను వెనక కూర్చుని పోతే వచ్చేటప్పుడు ముగ్గురవుతారు, బండి లాగదు. మిగిలింది ఒక్కటే దారి. అది చెప్పడానికి ఎల్లేశం రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. చుట్టూ ఉన్న తల్లులు నర్సింగమ్మ వైపు చూశారు. నర్సింగమ్మ వేళ్ళు మడవలేదు. ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

"పో బిడ్డా," అన్నాడు ఎల్లేశం. "పోయి అల్లున్ని తోల్కరా. జర పైలం."

మంజులత దీపం వేసుకుని తిరిగి వచ్చేసరికి తాటివనం పక్కన మంచం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె బండిని సరిగ్గా వాళ్ళ ముందుకు తెచ్చి ఆపింది. ఒకనాడు తనకు దారివ్వని మొహాలు ఆ వెలుగులో కనిపించాయి. ఈసారి ఆమె తుమ్మల్లోకి పోలేదు. "దించుండ్రి," అంది.

మంచం ఆగింది. ముందున్నవాడు పేలాల సంచి దాచుకుని తూలుతూ అడిగాడు: "నువ్వెవలి బిడ్డవు? గాయిన నీకేమైతడు?"

"బావైతడు."

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "బావనా? ఐతె తీస్కపో," అన్నారు. మంచం మర్యాదగా కిందికి దిగింది. వాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

దశరథ లేచి బట్టలు దులుపుకున్నాడు. తల నిండా పేలాలు. మోపెడ్ దగ్గరికి వచ్చి, ఎక్కకుండా నిలబడ్డాడు. "మరి వరుస?" అన్నాడు బెరుకుగా.

"బావ బండి మరదలు ఎక్కొద్దన్నరు. మరదలు బండి బావ ఎక్కొద్దని ఎవ్వలన్న అన్నరా? నాకైతె వినవళ్ళె. ఎక్కు, రేపు పొద్దుగాల్ల నాకు పరీక్ష ఉన్నది."

అతను వెనక కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సీటు కింది కడ్డీని పట్టుకున్నాడు. ఏడాదిగా ఎవరినైనా ఒక్కరిని ఇట్లా వెనక కూర్చోబెట్టుకుని క్షేమంగా దించాలని తపించాడు. వెనక కూర్చోవడం ఇట్లా ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. దారి కనపడదు, బ్రేకు మన చేతిలో ఉండదు, ముందున్న మనిషిని నమ్మడం తప్ప పని లేదు. కాసేపటికి అతనికి ఆ పని బాగుందనిపించింది.

సాలెవాడలో జనం వరుసకట్టి చూస్తున్నారు. దశరథ నవ్వుల కోసం తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎల్లేశం ఎదురొచ్చి, అతని తలలోంచి ఒక పేలపుగింజ తీసి, "మాట నిలవెట్టినవ్ అల్లుడా," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "పొద్దుగాల్ల పొయ్యేటప్పుడు ఆయినను గూడ ఎక్కించుకపో. నడువనియ్యకు," అన్నాడు.

ఇంటికి వచ్చాక నర్సింగమ్మ మనవడి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దశరథ తలెత్తి చూస్తే ఆమె ఏడవడం లేదు. భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ఏందే అవ్వా?"

"మీ తాతకు ఎడ్లంటె భయంరా," అంది. "తోక ఊపితేనే దుంకేటోడు. జడ్చర్ల నుంచి గీ ఊరికి బండి తోల్కచ్చింది నేను. ఆయన ఎనుక కూసొని, బండి అంచుకున్న గూటం పట్టుకొని, కండ్లు మూసుకున్నడు. ఊరు రాంగనే చర్నాకోల ఆయన చేతికిచ్చి నేను ఎనుకకు జరిగిన."

"మరి గా పులులు?"

"ఒక్క నక్క గూడ ఎదురు రాలె."

దశరథ కాళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పలేదేందే?"

"చెప్తె ఆయన ఇజ్జత్ పోదా?" అంది నర్సింగమ్మ. చెంబు పక్కన పెట్టి, కొంగుతో ఈసారి నిజంగానే కళ్ళు తుడుచుకుంది. "గియ్యాల్ల ఆ పిల్ల ఎనుక కూసున్నప్పుడు ఎరుకైందిరా, ఆయనకు గా దినం ఏ భయం లేకుంట ఎంత బేఫికర్ ఉండెనో."

దశరథ అరచేతులు చూసుకున్నాడు. సీటు కింది కడ్డీ గుర్తు ఎర్రగా పడి ఉంది. తాత చేతుల్లో గూటం గుర్తు కూడా ఇట్లాగే పడి ఉంటుందని అనుకుంటే, ఎన్నడూ చూడని ఆ మనిషి మీద అతనికి మొదటిసారి ప్రేమ పుట్టింది. తెల్లవారి బండి తుడిచి, పెట్రోలు చూసి, తాళం చెవి పట్టుకుని సాలెవాడకు వెళ్ళాడు. మంజులత చేతికి ఇచ్చి, వెనక కూర్చున్నాడు.